మామిడి తోటల్లో పామాయిల్ మొక్కలు

విస్సన్నపేట, మే 6

నాన్నగారికి,

నిన్న సాయంత్రం బాబాయిగారింటికి క్షేమంగా చేరాను. నూజివీడు దాటాక నేల ఎర్రబడింది. దూరంగా గుట్టలు, రోడ్డుకు రెండు పక్కలా మామిడి తోటలు, మధ్యమధ్య మొక్కజొన్న కోసేసిన ఖాళీ చేలు. కాలవ గట్టున పెరిగినదాన్ని కదా, ఊరు దగ్గరపడుతోందంటే ముందు నీళ్లు కనబడాలనిపిస్తుంది. ఇక్కడ ముందు కనబడేవి బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు.

ఒకప్పుడు నూజివీడు, విస్సన్నపేట రెండూ కృష్ణా జిల్లాలో, ఒకే రెవెన్యూ డివిజన్లో ఉండేవి. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడగొట్టినప్పుడు నూజివీడు ఏలూరు జిల్లాకు పోయింది, ఈ మండలం తిరువూరు డివిజన్‌తో కలిసి ఎన్టీఆర్ జిల్లాలో పడింది. మామిడి బేరాలకు మాత్రం పాత పేరే. ఇక్కడ కోసిన చిన్నరసం కూడా బయటికి వెళ్తే నూజివీడు రసమే.

అమ్మతో చెప్పండి, ఆవకాయకి కాయలు పంపమంటే పిన్ని నవ్వింది. మనకి కొత్తపల్లి కొబ్బరి కాయ ఉండాలి, వీళ్లకి చిన్నరసమూ జలాలూ. పులుపు చాలదేమోనని అమ్మ సందేహపడుతుంది. ఒక్కసారి పట్టి చూడమనండి. కాయలు పంపుతున్నాను.

విస్సన్నపేట, మే 9

నాన్నగారికి,

ఈ ఉత్తరం కాస్త పొడవు. ఈ రెండు రోజులూ చూసినవి మీకు విడమరిచి చెప్పకుండా ఉండలేను.

తెల్లవారుజామున బాబాయిగారితో తోటకెళ్లాను. కోత ఎండ ముదరకముందే అయిపోవాలి. పొడుగాటి కర్ర చివర వలసంచి ఉన్న చిక్కంతో కూలీలు తొడిమ పోకుండా కాయ దింపుతున్నారు. తొడిమ ఊడితే సొన కారి కాయ మీద మచ్చ పడుతుంది, మచ్చ పడితే ధర పోతుంది. పిన్ని నీడలో కూర్చుని బంగినపల్లి ఒక వైపు, రసాలు ఒక వైపు, జ్యూసు ఫ్యాక్టరీలకి వెళ్లే కలెక్టరు కాయ ఒక వైపు వేరు చేస్తోంది. మధ్యాహ్నానికి ట్రేలన్నీ వ్యానెక్కి విజయవాడ పక్కన నున్న మార్కెట్‌కి వెళ్లాయి. అక్కడ ఉత్తరాది వ్యాపారులు చెప్పిందే ధర. వడగాలికో ఈదురుగాలికో కాయ రాలిన రోజున ఆ ధర కూడా ఉండదు.

ఈ పంటంతా పూత మీద పందెం. డిసెంబరు, జనవరిలో చెట్టు నిండా పూత వస్తుంది. వెయ్యి పూలు పూస్తే చేతికి దక్కే కాయలు వేళ్ల మీద లెక్క. తేనెమంచు పురుగు, బూడిద తెగులు, పొగమంచు, అన్నీ ఆ పూత మీదే పడతాయి. అందుకే చాలామంది తోటని పూత మీదే వ్యాపారికి అమ్మేస్తారు. మందుల ఖర్చూ, నష్టమూ అవతలివాడివి. కాయ బాగా కాసిన ఏడాది లాభం కూడా అవతలివాడిదే. బాబాయిగారు ఎన్నడూ అలా అమ్మలేదు. అందుకే అప్పులూ ఆయనవే అయ్యాయి.

పోయిన కొన్నేళ్లలో నల్ల తామర పురుగు వచ్చిపడింది. ఇది ఆగ్నేయాసియా పురుగు. ఇండోనేసియా మిరప తోటల్లో ఎప్పట్నుంచో ఉంది. మన దేశంలో 2015లో బెంగళూరు వైపు బొప్పాయి మీద మొదట పట్టుకున్నారు. 2021లో గుంటూరు, ఖమ్మం మిరపని తుడిచిపెట్టింది. ఆ తర్వాత మామిడి పూత పట్టింది. పూలలో దూరి రసం పీలుస్తుంది, ఎన్ని మందులు కొట్టినా మళ్లీ లేస్తుంది. "మందు కొట్టేవాడికీ, అమ్మేవాడికీ మిగిలింది అమ్మాయ్, నాకేం మిగల్లేదు" అన్నారు బాబాయిగారు.

తోట చివరికెళ్లేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ముప్ఫై నలభై ఏళ్ల చెట్లు నరికి, మొద్దులు పెకిలించి, చాళ్లు తీసి పామాయిల్ మొక్కలు పెట్టారు. ఆయనొక్కరే కాదు, ఈ చుట్టుపక్కల ఏ ఊరికెళ్లినా అదే కనబడుతోంది. మామిడి ఎకరానికి 40 చెట్లు, పామాయిల్ 57. నాలుగో ఏటికి గెలలు మొదలైతే పది పదిహేను రోజులకోసారి కోత, కోసినప్పుడల్లా డబ్బు. పూత కోసం ఆకాశం కేసి చూసే పని లేదు. గెలల ధర ప్రభుత్వం నెలనెలా ప్రకటిస్తుంది, ఫ్యాక్టరీ కొనితీరాలి. పిల్ల పెళ్లీ, అప్పు వాయిదా ఎదురుగా ఉన్న మనిషికి ఇది ఎంత ధైర్యమో నాకు అర్థమైంది. ఆయన్ని తప్పుపట్టడానికి నాకు నోరు రాలేదు.

అయినా భయం పోలేదు. ఆ భయమేమిటో మీకు చెప్పాలి.

ఈ చెట్టు పుట్టిల్లు పశ్చిమాఫ్రికా. 1848లో నాలుగు మొక్కల్ని జావాలోని బోగోర్ వనంలో నాటారు. ధవళేశ్వరం దగ్గర కాటన్ దొర ఆనకట్ట కడుతున్న రోజులే అవి. ఆ నాలుగింటి సంతానం సుమత్రా అంతా పరుచుకుంది. 1911 నుంచి అక్కడ పెద్ద తోటలు లేచాయి. ఇవాళ ప్రపంచంలో పామాయిల్ ఎక్కువ తీసేది ఇండోనేసియానే. అక్కడి పామాయిల్ తోటల్లో దాదాపు నలభై శాతం విస్తీర్ణం బాబాయిగారిలాంటి చిన్న రైతులదే. వాళ్లూ మనలాగే పొద్దున్నే కత్తి పట్టుకుని గెల కోస్తారు. ఒక్క తేడా ఉంది. సుమత్రాలో ఏడాది పొడవునా వాన కురుస్తుంది, రెండు వేల మిల్లీమీటర్లకు పైమాటే. చెట్టుకి ఎవరూ నీళ్లు పెట్టరు. విస్సన్నపేటలో అందులో సగం వాన, అదీ చాలావరకు జూన్ నుంచి అక్టోబరు లోపే. మిగతా నెలలన్నీ బోరే. ఎదిగిన చెట్టుకి వేసవిలో రోజుకి రెండొందల లీటర్ల పైనే కావాలి. ఎకరానికి 57తో లెక్కేయండి.

2004 నుంచి వ్యవసాయానికి కరెంటు ఉచితం కాబట్టి మోటారు తిరుగుతోంది. ఖర్చు కనబడదు, నీళ్లు మాత్రం దిగిపోతుంటాయి. వేరు లోతుకి దించుకుని మెట్టలో నిలదొక్కుకున్న మామిడి పోయి, దాని చోట రోజూ నీళ్లు అడిగే చెట్టు వస్తోంది. ఈ మార్పు మంచిది కాదనే నా మనసు చెబుతోంది.

ధరకీ పూర్తి భరోసా లేదు. 2022 ఏప్రిల్ 28న ఇండోనేసియా పామాయిల్ ఎగుమతి ఆపేసింది, మే 23న మళ్లీ వదిలింది. ఆ వేసవిలో ఇక్కడ టన్ను గెలలు 20,000 రూపాయలు దాటాయి. ఏడాది తిరిగేసరికి ధర బాగా కిందికి జారింది. జకార్తాలో తీసుకున్న నిర్ణయం ఇక్కడి పుట్రేలలోనో కొండపర్వలోనో రైతు చీటీ మీద పడుతోంది. నున్న మార్కెట్ వ్యాపారిని రైతు కనీసం ఎదురుగా చూస్తాడు.

తిరువూరు, మే 11

నాన్నగారికి,

ఇవాళ తిరువూరు వచ్చాను. దారిలో నాగార్జునసాగర్ ఎడమ కాలవ పిల్లకాలవ చూశాను. వేసవి కదా, ఎండిపోయి తుమ్మ మొలిచి ఉంది. ఇక్కడివాళ్లది శివారు ఆయకట్టు. 1955 డిసెంబరు 10న నెహ్రూ సాగర్‌కి శంకుస్థాపన చేశారు, 1967లో కాలవలకి నీళ్లు వదిలారు. ఆ నీళ్లు మిర్యాలగూడ, పాలేరు, ఖమ్మం జిల్లా చేలు తడిపి చివరికి ఇక్కడికి రావాలి. 2014 తర్వాత దారంతా తెలంగాణ, తోక మాత్రం ఆంధ్ర. పైవాళ్లకి సరిపడా వస్తేనే కిందికి. మన ఊళ్లో వంతు ఒక్క రోజు తప్పితే మనం ఎంత గొడవ చేస్తాం! వీళ్లు కాలవని నమ్ముకోవడం ఎప్పుడో మానేసి బోర్లు వేసుకున్నారు.

గోదావరి నీళ్లు ఎత్తిపోసి ఈ మెట్టకి ఇస్తామని 2008లో చింతలపూడి ఎత్తిపోతల మొదలుపెట్టారు. మన గోదావరే నాన్నగారూ. ఆ మాట వినగానే నాకు సంతోషం వేసింది. అది ఇంకా ఈ చేలకి చేరలేదని విన్నాక బాధేసింది.

పక్కనే ఎ.కొండూరు మండలం. అక్కడి లంబాడీ తండాల్లో కిడ్నీ జబ్బు ఎన్నో ఇళ్లని ఖాళీ చేసింది. బోరు నీళ్లు తాగే జనం నది నీళ్లు కావాలని ఏళ్లుగా అడుగుతూ వచ్చారు. తోటకి ఎంత నీరు అని లెక్కేసే మనం తాగేందుకు ఎలాంటి నీరు అని ముందు అడగాలి. ఆ ఇళ్ల సంగతి ఎదురుగా చెబుతాను, ఉత్తరంలో రాయలేను.

బాబాయిగారు మిగిలిన మామిడి నరకనన్నారు. పాత చెట్ల కొమ్మలు కత్తిరించి, వచ్చే ఏడు కాయలకి కాగితపు కవర్లు కట్టిద్దామని చూస్తున్నారు. మీకో ప్రశ్న పంపారు. కొబ్బరిలో మీరు కోకో వేశారు కదా, పామాయిల్ మొక్కల మధ్య వేస్తే నీడ సరిపోతుందా, నీళ్లు ఇంకా ఎక్కువ లాగుతుందా, మొదటి కాపుకి ఎన్నేళ్లు పట్టింది, చెప్పమన్నారు. సాయంత్రం ఏడు తర్వాత ఇంట్లోనే ఉంటారు, ఫోన్ చేయండి. వానలు పడకముందే గుంటలు తీయాలట.