ఉక్కు నగరిలో చాయ్ భాష

విశాఖపట్నం నుంచి దుర్గ్ వెళ్లే వందేభారత్ ఎక్కితే విజయనగరం, పార్వతీపురం, రాయగడ, టిట్లాగఢ్, రాయ్‌పూర్ మీదుగా దాదాపు ఎనిమిది గంటల ప్రయాణం. 2024 సెప్టెంబరులో ఈ రైలు మొదలైంది కానీ, దారి మాత్రం పాతదే. ఉత్తరాంధ్ర నుంచి పని వెతుక్కుంటూ వెళ్లినవారికి విజయనగరం-రాయ్‌పూర్ లైను ఎప్పటినుంచో తెలుసు. రైలు పరుగెత్తే పట్టాలకూ చివరి మజిలీకీ చుట్టరికం ఉంది. భారతీయ రైల్వేకు పట్టాలు సరఫరా చేసే ప్రధాన కర్మాగారం దుర్గ్ పక్కనే ఉన్న భిలాయ్‌ది.

ఛత్తీస్‌గఢ్‌లోని ఈ ఊరికి సెక్టార్లే చిరునామా. సెక్టార్ 9 అంటే ఆస్పత్రి. సెక్టార్ 5 అంటే తెలుగువారికి బాలాజీ మందిరం. ఆంధ్ర సాహిత్య సమితి నడిపే ఆ గుడి దగ్గర నిలబడితే చెవిన పడే తెలుగులో శ్రీకాకుళం యాస, మధ్యమధ్య హిందీ క్రియలు కలగలిసి ఉంటాయి. ఏ ఊరివాడైనా ఇక్కడికొచ్చాక మరో భాష నేర్చుకోక తప్పలేదు. అయితే ఆ పాఠం మొదలైంది హిందీతో మాత్రమే కాదు, రష్యన్‌తో కూడా.

1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ మధ్య ఒప్పందం కుదిరింది. ఏడాదికి 10 లక్షల టన్నుల సామర్థ్యంతో ఉక్కు కర్మాగారం కట్టాలన్నది లక్ష్యం. నాలుగేళ్లకు, 1959 ఫిబ్రవరి 4న, రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. నిర్మాణ కాలంలో సోవియట్ నిపుణులకు నాయకత్వం వహించిన వెనియామిన్ దిమ్‌షిత్స్ తర్వాత ఆ దేశ ఉప ప్రధాని స్థాయికి ఎదిగారు. నిపుణులు కుటుంబాలతో సహా వచ్చి టౌన్‌షిప్‌లో కాపురం పెట్టారు. భారతీయ ఇంజనీర్లు శిక్షణ కోసం సోవియట్ కర్మాగారాలకు వెళ్లారు.

ఆ రోజుల్లోనే దుర్గాపూర్‌లో బ్రిటిష్ సాయంతో మరో కర్మాగారం లేచింది. అక్కడ భాష సమస్య కాలేదు. రెండు వందల ఏళ్లుగా అలవాటైన ఇంగ్లీషే సరిపోయింది. భిలాయ్‌లో పరిస్థితి వేరు. వచ్చినవారిలో చాలామందికి ఇంగ్లీషు రాదు, ఉన్నవారికి రష్యన్ రాదు. దుబాసీలు ఉన్నారు, నిజమే. కానీ ప్రతి యంత్రం పక్కనా, ప్రతి కూరగాయల కొట్టు దగ్గరా దుబాసీని నిలబెట్టడం అయ్యే పని కాదు. ఈ ఇబ్బందే ఒక విధంగా మేలు చేసింది. ఇద్దరూ తడబడేవారే అయినప్పుడు ఎవరూ ఎవరికీ దొర కాదు.

వ్యాకరణం సంగతి తర్వాత. మొదట కావలసినవి కొన్ని మాటలు. జాగ్రత్త అనడానికి ‘అస్తరోజ్నా’. మెల్లగా అనడానికి ‘మేద్లిన్నా’. మరోసారి చెప్పమనడానికి ‘యెష్యో రాజ్’. బజార్లో ధర అడగడానికి ‘స్కోల్కా స్తోయిత్’. కృతజ్ఞతకు ‘స్పసీబా’. కరిగిన ఇనుము ముందు నిలబడ్డవాడికి ‘జాగ్రత్త’ అర్థం కాకపోతే పోయేది మార్కులు కాదు, ప్రాణం.

ఒక మాట మాత్రం నేర్చుకోనక్కర్లేకుండానే వచ్చేసింది. రష్యన్‌లోనూ టీ అంటే చాయే. చైనాలో పుట్టిన ఈ మాట నేల దారిన నడిచి మాస్కోకూ ఢిల్లీకీ చేరింది. పైగా తెలుగువాడికి మరో సౌలభ్యం. హిందీలో ‘యే చాయ్ హై’ అనాలి. రష్యన్‌లో ‘ఎతా చాయ్’ అంటే చాలు, అచ్చం ‘ఇది చాయ్’ అన్నట్టే. ‘మా అన్న ఇంజనీరు’ అనడానికీ అక్కడ క్రియ అవసరం లేదు. నువ్వు, మీరు తేడా కూడా ఉంది. పెద్దవారిని పేరుకు తండ్రి పేరు జోడించి పిలవడం అక్కడి మర్యాద. ‘గారు’ చేర్చకుండా పెద్దల పేరెత్తని మనకు అది కొత్తగా అనిపించదు.

ఇదే రాష్ట్రం దక్షిణాన మరో కథ నడిచింది. 1960లో జపాన్ ఉక్కు కంపెనీలతో కుదిరిన ఒప్పందం మేరకు బైలదిలా కొండల ఇనుప ఖనిజాన్ని ఆ దేశానికి పంపాలని నిర్ణయించారు. అందుకోసం కిరండూల్ నుంచి కొత్తవలసకు రైలు మార్గం వేశారు. ఖనిజం విశాఖ రేవు చేరి ఓడ ఎక్కింది. ఆ కొండల్లో జపనీస్ నేర్చుకోవలసిన అవసరం ఎవరికీ అంతగా రాలేదు. మట్టి అమ్మడానికి బేరం తెలిస్తే చాలు. ఉక్కు చేయడం నేర్చుకోవాలంటే పక్కన నిలబడి మాట్లాడాలి.

ఇప్పుడు ఆ జపనీస్ వంతు వచ్చింది. ఈసారి ఓడ ఎక్కేది ఖనిజం కాదు, విమానం ఎక్కే మనుషులు. నైపుణ్యం గల కార్మికులను పంపడంపై 2021 జనవరిలో భారత్, జపాన్ అవగాహనకు వచ్చాయి. ఐదేళ్లలో 50 వేల మంది నిపుణులను, ఉద్యోగార్థులను పంపాలన్నది 2025 ఆగస్టులో పెట్టుకున్న లక్ష్యం. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ నర్సులకు జపనీస్ నేర్పిస్తోంది. చాలా రంగాలకు ఎన్4 స్థాయి లేదా దానికి సమానమైన పరీక్ష తప్పనిసరి. వృద్ధుల సంరక్షణకు వెళ్లేవారికి అదనంగా మరో భాషా పరీక్ష ఉంటుంది.

వీరికి భిలాయ్ అనుభవం పనికొస్తుంది. ‘అబునాయ్’ అంటే ప్రమాదం. ‘యుక్కురి’ అంటే నెమ్మదిగా. ‘మో ఇచిదో’ అంటే మరోసారి. ‘ఇకురా దేసు కా’ అంటే ఎంత. ఆరు దశాబ్దాల కిందటి జాబితాయే, భాష మారిందంతే. తెలుగువాడికి ఇక్కడా కలిసొచ్చేది ఉంది. ‘నేను టీ తాగుతాను’ అన్న వాక్యం జపనీస్‌లోనూ అదే వరుసలో నడుస్తుంది. క్రియ చివరే వస్తుంది. ‘గారు’ స్థానంలో ‘సాన్’ ఉంది. లిపి భయపెట్టినా మాట భయపెట్టదు.

అయితే భిలాయ్ చెప్పే రెండో పాఠం అంత తీపిగా ఉండదు. 1991 డిసెంబరులో సోవియట్ యూనియన్ అంతరించింది. రష్యన్‌తో అవసరమూ సన్నగిల్లింది. 1972లో స్నేహ చిహ్నంగా వెలసిన మైత్రీబాగ్‌కు జనం ఇప్పటికీ వస్తారు, తెల్ల పులులను చూడటానికి. పేరులోని మైత్రి ఎవరితోనో పిల్లలకు చెప్పాల్సిందే. బతుకు కోసం నేర్చిన మాట ఆ బతుకుతెరువు ఉన్నంతవరకే నిలుస్తుంది.

ఆ లెక్క తెలుగుకూ వర్తిస్తుంది. బాలాజీ మందిరం దగ్గర ఇప్పుడు కనిపించేది మూడో తరం. ఇంట్లో నానమ్మతో తెలుగు మాట్లాడే పిల్లలు ఉన్నారు. వారిలో తెలుగు అక్షరాలు చదవలేనివారూ ఉన్నారు. తాతలకు హిందీ అన్నం పెట్టింది, మనవళ్లకు అదే ఇల్లయింది. తప్పు ఎవరిదీ కాదు. రష్యన్‌ను వదిలేసినందుకు భిలాయ్ పోగొట్టుకున్నది ఒక పరాయి భాషను. తెలుగు విషయంలో ఆ మాట అనలేం. రేపు ఒసాకాలోనో టోక్యోలోనో స్థిరపడే నర్సుకు జపనీస్ నేర్పేవారు దొరుకుతారు. ఆమె పిల్లలకు తెలుగు నేర్పేదెవరన్న ప్రశ్న భిలాయ్‌లో ముందే ఎదురైంది. నానమ్మ ఉన్న ఇంట్లో దానికి జవాబు ఇంకా ఉంది.