రెండు బళ్లు, ఒక షెడ్డు

నవంబరు 3, ఆదివారం. విజయనగరం

షెడ్డులో ఒక్క బండికే చోటు. ఏదో ఒకటి ఉంచుకోమని అన్నయ్య ఫోన్లో తేల్చేశాడు. ఆలోచించడానికేముంది? ఫియటే. 1986 మోడలు. మావయ్య నాకు నేర్పిన బండి. కాగితాల్లో ప్రీమియర్ పద్మిని, మా ఇంట్లో మాత్రం ఎప్పుడూ ఫియటే.

నాన్న అంబాసిడర్ 1984ది. అందులో నా చోటు ఎప్పుడూ ఎడమ పక్కే. ‘‘స్టీరింగు బరువమ్మా, నీవల్ల కాదు.’’ ఒక్కసారైనా ఇచ్చి చూడొచ్చు కదా...

నవంబరు 10

ఫియట్‌లో అనంతగిరి. 1089 సీసీ. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కగానే మూడో గేరులో మూలిగింది. రెండులో వేస్తే హాయిగా లాగేసింది. మలుపులో ఇట్టే తిరుగుతుంది. బంగారం.

కాఫీ తోటల దగ్గర ఆగిపోయింది. పెట్రోలు పంపు వేడెక్కి ఎయిర్ పట్టేసింది. చున్నీ తడిపి పంపు మీద వేసి, గట్టు మీద పావుగంట కూర్చున్నా. మావయ్యయితే ఈలోగా చుట్ట ముట్టించేవాడు.

తిన్నటి రోడ్డు మీద స్టీరింగు రెండు వేళ్ల వెడల్పు ఊరికే ఊగుతోంది. ఎప్పటినుంచి? ఇన్నాళ్లూ చూడనట్టే ఉన్నానా?

నవంబరు 14

స్టీరింగ్ బాక్సులో వార్మ్ అరిగిందట. ‘‘అంబాసిడర్‌కి ఈ బాధ లేదమ్మా, దానిది ర్యాకు’’ అన్నాడు మేస్త్రీ. నాన్న ఆ మాట ఎన్నడూ అనలేదు. తెలియకేనా?

నవంబరు 17

అంబాసిడర్. అదే ఘాట్. సీటు జరగలేదు, వీపు వెనక తలగడ పెట్టుకున్నా. గేటులోంచి తీసేసరికే భుజాలు పడిపోయాయి. నాన్న అబద్ధమాడలేదు.

కదిలాక ఆ బరువేదీ? ఎంత తిప్పితే అంతే తిరుగుతోంది. 1489 సీసీ, తొందరపడదు, రెండో గేరులో అలా ఎక్కుతూనే ఉంటుంది. గుంటలన్నీ కమాను పట్టీలే మింగేశాయి. ఒళ్లు మాత్రం ఒరుగుతుంది. ప్రతి ఎడమ మలుపులోనూ మా ఆయన పొడుగు సీటు మీద జారి నా మీదకే. నవ్వాపుకోలేకపోయాను.

దిగేటప్పుడు మాడు వాసన. నాలుగు చక్రాలకీ డ్రమ్ములే కదా. రెండో గేరులోకి దింపి కాలు తీసేశాను. నాన్న ఘాట్‌లో బ్రేకు మీద కాలు పెట్టేవాడే కాదు. ఇందుకా...

నవంబరు 20

రాజాం నుంచి ఒకాయన ఫోన్. అంబాసిడర్ కావాలట, పెళ్లిళ్లకి తిప్పుతాడట. 2014లో తయారీ ఆగిపోయాక ఇలా నడిచే బండి దొరకడమే కష్టం అన్నాడు. రేటు బాగానే చెప్పాడు. ఆదివారం చెప్తానన్నాను. ఏం చెప్తాను?

నవంబరు 24

మేస్త్రీ సీటు పట్టాలకి కిరసనాయిలు పోసి, సుత్తితో కొట్టి రెండు గళ్లు ముందుకి జరిపాడు. తలగడ లోపల పెట్టేశాను. స్టీరింగు వైపు స్పాంజి కుంగిపోయింది, మార్చేస్తానన్నాడు. వద్దన్నాను.

వేపచెట్టు కింద ఫియట్‌కి టార్పాలిన్ కప్పించాను. రాత్రి మంచు బాగా కురుస్తోంది.