కోరంగి పాయలో చైత్రం

మార్చి 22, 2025. కాకినాడ

ఫాల్గుణ బహుళ అష్టమి. అష్టమి నీళ్లకు ఊపు ఉండదు. పోటు పెద్దగా ఎక్కదు, పాటు పూర్తిగా దిగదు. అమావాస్యకూ పున్నమికీ సూర్యుడూ చంద్రుడూ ఒకే వరసలో నిలిచి నీళ్లను లాగుతారు. అష్టమికి చెరోవైపు లాగి ఒకరి బలం ఒకరు తగ్గిస్తారు. మా సరంగుకు కారణంతో పని లేదు, తిథి తెలిస్తే చాలు.

"ఇయ్యాళ ఎప్పుడు బయల్దేరినా ఒకటేనండి. నీళ్లేం అనవు. గాలే చూసుకోవాలి" అన్నాడు.

గాలికి కుదురు లేదు. తెల్లవారుజామున నేల వైపు నుంచి చల్లగా వీచింది. పది దాటాక ఆకు కదలదు, ఒకటే ఉక్క. మధ్యాహ్నానికి వాయవ్యాన మబ్బు నల్లగా లేచింది. మోకు విప్పలేదు.

మార్చి 23. హోప్ ఐలాండ్

అఖాతం సగం దాటామో లేదో నిన్నటి మబ్బే మళ్లీ వచ్చింది. ముందు దూరాన నీళ్ల రంగు మారింది. ఆకుపచ్చ మీద బూడిదరంగు గీత ఒకటి మా వైపు జరుగుతోంది. "పరదా దించండి బాబుగారూ" అంటూనే సరంగు ఇంజిన్ జోరు తగ్గించి, ముక్కు గాలికి ఎదురు తిప్పాడు. చినుకులు అడ్డంగా కొట్టాయి. ఎదురుగా ఒడ్డు కనిపించలేదు. పావుగంట సేపు పడవ ముందుకూ పోలేదు, వెనక్కీ పోలేదు. ఉన్నచోటనే నిలబడటమే అప్పుడు అతను చేసిన పని.

ఈ కాలపు గాలివాన నేల మీంచి వస్తుంది, పడవను సముద్రంలోకి తోస్తుంది. ఇక్కడ మాత్రం ఆ తోపుకు అడ్డంగా హోప్ ఐలాండ్ ఉంది. గౌతమి మోసుకొచ్చిన ఇసుకను తీరం వెంట పారే నీళ్లు ఉత్తరానికి నెట్టి, రెండు శతాబ్దాల్లో ఈ దిబ్బను ఇంత పొడుగు సాగదీశాయి. అవతల అలలు విరుగుతుంటే ఇవతల ఓడలు లంగరేసుకుని నిమ్మళంగా ఉంటాయి. కాకినాడకు రేవు దక్కింది దీని చలవే. పైన ఆనకట్టలు ఒండ్రును పట్టేసుకుంటుంటే ఈ దిబ్బకు కొత్త ఇసుక ఎక్కణ్నుంచి రావాలి? రేవు గురించి మాట్లాడేవాళ్లు ముందు మాట్లాడాల్సింది దీని గురించి.

మార్చి 25

మళ్లీ వాన. మామిడి పిందెలు రాలిపోయాయని రేవులో అందరి నోటా అదే మాట. పడవ కదల్లేదు.

మార్చి 30. విశ్వావసు ఉగాది. కోరంగి

నిన్న అమావాస్య, కాబట్టి ఇవాళ పెద్ద నీళ్లు. పొద్దున పోటుకు మడ చెట్ల కొమ్మలు నీళ్లలో తేలుతున్నాయి. ఆ నీళ్ల మీదే పాయలోకి వెళ్లాం. మధ్యాహ్నం పాటు తీశాక అదే చోట నిలువెత్తు బురద గట్లు బయటపడ్డాయి.

ఇంజిన్ ఆపి గెడ వేశాం. తెల్లమడ చుట్టూ శ్వాస వేళ్లు, కోసిన వరిచేలో మోళ్లలా, బురదంతా పొడుచుకొచ్చి ఉన్నాయి. వాటి మధ్య వేలెడు పొడవు చేప ఒకటి, కళ్లు నెత్తి మీద పెట్టుకుని, ముందు రెక్కల మీద లేచి గెంతుతోంది. పక్కన పీత ఒకటి, ఒక డెక్క ఒంటికి మించిన పెద్దది, ఎత్తుతోంది, దించుతోంది. మా నీడ పడగానే కన్నంలో దూరింది. బురద మీద చిన్న చిన్న ఇసుక ఉండలు మిగిలాయి.

కొమ్మ పట్టుకోబోతే సరంగు నా చెయ్యి లాగేశాడు. తిల్ల చెట్టు. పాలు కంట్లో పడితే చూపు పోతుంది.

"బాబాయ్, ఈ అడవి లేకపోతే?" అన్నాను.

"తొంభై ఆరులో చూశాం కదండీ" అన్నాడు. ఇంకేమీ అనలేదు. 1996 నవంబరు 6 తుపాను ఇక్కడి పల్లెల్లో ఎవరికీ మరపు రాదు. అంతకుముందు 1789లో, 1839లో ఉప్పెనలు ఈ కోరంగి రేవునే ముంచాయి. రంగూను పోయిన తెలుగువాళ్లకు కోరంగీలని పేరొచ్చిందంటే ఒకప్పుడు ఇది ఎంత రేవో ఊహించుకోవచ్చు. ఇప్పుడది పాయ పక్కన చిన్న ఊరు. మడ అడవి 1978 నుంచి అభయారణ్యం, 235 చదరపు కిలోమీటర్లు. ఇందులో ఒక్క చెట్టు తగ్గినా నాకు సమ్మతం కాదు.

సరంగు ఇంటి నుంచి సీసాలో ఉగాది పచ్చడి తెచ్చాడు. పోటు తిరిగే వరకు అక్కడే ఉన్నాం.

ఏప్రిల్ 3. యానాం

పోటు రోజుకు దాదాపు 50 నిమిషాలు, అంటే పాత లెక్కలో రెండు గడియలు వెనక్కి జరుగుతుంది. ఉగాది నాడు పొద్దున వచ్చిన పోటు ఇవాళ మిట్టమధ్యాహ్నానికి వచ్చింది. యానాంలో వేరే పడవ మాట్లాడుకున్నాను. కుర్ర సరంగు తొందరపెట్టాడు గానీ బయల్దేరేసరికి రెండైంది.

పాటు సముద్రం వైపు లాగుతోంది, ఆగ్నేయపు గాలి సముద్రం మీంచి ఎదురొస్తోంది. గౌతమి మీద అలలు పొట్టిగా, నిటారుగా లేచాయి. గాలి నిజానికి అంత పెద్దదేమీ కాదు, ఎదురు నీళ్లే దాన్ని పెద్దది చేశాయి. మొగ దాకా పోకుండా వెనక్కి తిప్పుదామన్నాను, అతనూ సరేనన్నాడు. దూరాన నది నడుమ కొంగలు నిలబడి ఉన్నాయి. అక్కడ మేట ఉందని వేరే చెప్పక్కర్లేదు.

నోట్లో పడ్డ తుంపర ఉప్పగా ఉంది. ధవళేశ్వరం నుంచి ఈ రోజుల్లో కిందికి వచ్చే నీళ్లు తక్కువ. ఉన్నవి కాలువల్లోకి, దాళ్వా చేలకు పోతాయి. చైత్రంలో ఇక్కడ గౌతమి పేరుకే నది.

ఏప్రిల్ 14. కాకినాడ

అర్ధరాత్రి నుంచి వేట నిషేధం, జూన్ 14 దాకా. చేపలు గుడ్లు పెట్టే కాలం. పొద్దుటి నుంచి ఇంజిన్ పడవలు ఒకదాని వెనక ఒకటి రేవుకు చేరుతున్నాయి. పగలంతా ఎండ మండిపోయింది, నాలుగింటికి చినుకు పడింది, ఐదింటికి మళ్లీ ఎండ.

మా సరంగు పడవను ఒడ్డుకు లాగించాడు. అడుగున గుల్లలు గీకాలి, ఫ్యాను రెక్క ఒకటి వంగింది, సరిచేయించాలి, రంగు వెయ్యాలి. ఈ రెండు నెలలకు సర్కారు ఇచ్చే భృతి వేళకు అందితే రంగు, లేకపోతే తారుతోనే సరి అన్నాడు. వేళకు అందాలి. ఇల్లు గడిచే వేటను ఆపుకుని గుడ్లను కాపాడుతున్నది వీళ్లే.