చంకలో కంప్యూటరు

కంప్యూటరంటే ఒకప్పుడు గదికి ఏసీ పెట్టించుకుని, తలుపుకి తాళం వేయించుకుని కూర్చునే దొరగారు. ఇప్పుడాయన పుస్తకాల సంచిలో పడి, రేపల్లె పాసింజరెక్కి మనతోపాటు తెనాలి వస్తున్నాడు. ఇంత దిగివచ్చినా, ఆయన్ని ఇంటికి తెచ్చుకోవాలంటే మాలాంటి రైతు కుటుంబాలు పంట లెక్క చూసుకోవలసిందే. ఈ ఏడు మినుములు అమ్మగా నా చదువు ఖాతాలో తేలినవి 18,000 రూపాయలు. లాప్‌టాప్ అందులోనే రావాలి.

చవకగా చిన్న కంప్యూటరు కావాలన్న ఆశ కొత్తది కాదు. 2007లో ఏసస్ వారి ఈ పీసీ ఏడంగుళాల తెరతో, కిలోలోపు బరువుతో వచ్చింది. 2011లో మన కేంద్ర ప్రభుత్వం విద్యార్థుల కోసం విడుదల చేసిన ‘ఆకాశ్’ ట్యాబ్లెట్ సర్కారుకు సుమారు 2,250 రూపాయలకే పడింది. పేరు ఆకాశమే గాని, లోపల మెమొరీ 256 ఎంబీ! 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబుల పంపిణీ మొదలైంది. మా తమ్ముడికి వచ్చినదాన్ని నేనూ వాడి చూశాను. పాఠం వినడానికి బాగుంది. ప్రాక్టికల్ రికార్డుకి పట్టికలు వేసి గ్రాఫులు గీయాలంటే మాత్రం కీబోర్డు ఉండాలి.

కొత్తవాటిలో నాకు అందుబాటులో కనబడింది జియోబుక్. 2023లో 16,499 రూపాయల ధరతో వచ్చింది. బరువు 990 గ్రాములు, తెర 11.6 అంగుళాలు, మెమొరీ 4 జీబీ, నిల్వ 64 జీబీ. తెనాలిలో ఒక మిత్రుడి దగ్గర పట్టుకు చూస్తే నోటుబుక్కులాగే ఉంది. రైల్లో నిలబడి వచ్చేవాడికి అదేం తక్కువ సుఖమా! అయితే అది నడిచేది జియో ఓఎస్ మీద. మా ల్యాబులో వాడే విండోస్ ప్రోగ్రాములు అందులో నేరుగా ఎక్కవు.

బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివే ఇంకో మిత్రుడు, ఏదో ఆఫీసులో వాడి తీసేసిన లాప్‌టాప్ చూపించాడు. మెమొరీ 8 జీబీ, ధర 15,000. జియోబుక్ కంటే నాలుగొందల గ్రాములు బరువు. బ్యాటరీ గంటన్నరకే చేతులెత్తేస్తోంది. రైల్లో ప్లగ్గు దొరుకుతుందని నమ్మి బయల్దేరలేం గదా.

రెండు లెక్కలూ నాన్న ముందు పెట్టాను. ఆయనకు జీబీలు తెలియవు.

“చెడిపోతే ఎవరు బాగుచేస్తార్రా?” అన్నాడు.

ఆయిలింజను కొన్నా, స్ప్రేయరు కొన్నా ఆయన మొదట అడిగేది అదే. నేను చదివిన ప్రకటనల్లో ఈ ప్రశ్నకు జవాబు లేదు. చవకరకం చిన్న లాప్‌టాపుల్లో మెమొరీ, నిల్వ సాధారణంగా బోర్డుకే అతికి ఉంటాయి. ఒకటి పోతే బోర్డంతా పోయినట్టే. బాపట్లలో చూసినదాంట్లో డిస్కు, మెమొరీ, బ్యాటరీ మూడూ మర విప్పి మార్చుకోవచ్చు. కొత్త బ్యాటరీకి 2,500 అన్నారు. మొత్తం 17,500. అదే కొన్నాను.

పాతది కొనే మిత్రులు ఒక్క సంగతి చూసుకోవాలి. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇంటెల్ ప్రాసెసరయితే ఎనిమిదో తరమో, ఆ పైదో ఉంటే తప్ప చాలావాటిలో విండోస్ 11 అధికారికంగా ఎక్కదు.

యూనియన్ వారికి ఒక విన్నపం. నెలకొకసారి కాలేజీలో ఒక బల్ల వేసి, స్క్రూడ్రైవర్ల పెట్టె పెట్టించండి. విప్పడం తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు నేర్పుతారు. మూడేళ్ల డిగ్రీ ముగిసేదాకా ఈ యంత్రాలు నడవాలి. పల్లెల్లో మళ్లీ కొనిచ్చే పంట ప్రతి ఏడూ పండదు.