తెగిన వలయందలి గణితము

సంస్కృతమున శుల్బమనగా త్రాడు. బౌధాయన, ఆపస్తంబులు త్రాటితో యజ్ఞవేదులను కొలుచుచు రెండింటి వర్గమూలమునకు చూపిన విలువను భిన్నముగా వ్రాసినచో 577/408 అగును. దాని వర్గము రెండుకంటె 1/166464 మాత్రమే అధికము. త్రాడు పట్టిన చేయి వేదికయొద్ద పూజ్యమై, రేవునందు హీనమగుట యే న్యాయము?

నేను నెల్లూరు తీరమున ఉపాధ్యాయుడను. “లెక్కలు మాకు రావు సార్” అని మత్స్యకారుల బిడ్డలు తరచుగా ననుచుందురు. వారి యిండ్లలోని విసురువలను చూడుడు. అల్లువాడు కొలది కన్నులతో నారంభించి, వరుసవరుసకు నియమముగా కన్నులు చేర్చుచు పోవును. చేర్చనిచో వల గొట్టమగును. ప్రతి వరుసకును సమానసంఖ్యలో చేర్చినచో వలయమై విచ్చుకొనును. అదే నిష్పత్తిలో హెచ్చించుచు పోయినచో అంచు సమతలమున నిముడక, కోడిజుట్టు పువ్వువలె మడతలై లేచును. ఆ తలముపై ఒక రేఖకు, బయటి బిందువుగుండ ననేక సమాంతరరేఖలు పోవును; యూక్లిడ్ నియమ మచ్చట చెల్లదు.

1997లో అమెరికాయందలి కార్నెల్ విశ్వవిద్యాలయమున డైనా టైమిన్యా యను గణితజ్ఞురాలు ఈ తలమును ఊలుతో నల్లి చేతికందించినది. 2005లో మార్గరెట్, క్రిస్టీన్ వర్తైమ్ సోదరీమణులు ఆ పద్ధతినే కైకొని పగడపుదిబ్బల శిల్పము నారంభించి, పారవేసిన ప్లాస్టికుతోను అల్లించిరి.

మన తెనాలిలోని సూర్య శిల్పశాలలో వేలకొలది యినుప నట్లు గాంధీ విగ్రహమైనవి. మా తీరమున మాత్రము తెగిన నైలాను వలలు ఇసుకలో పడియుండి తాబేళ్లకు ఉరులగుచున్నవి. అట్టి తునకలను ఏరి, కడిగి, మొన్న మా తరగతిలో అల్లించితిని. తొమ్మిదవ తరగతి బాలిక యొకతె ఆరు కన్నులతో మొదలిడి, ప్రతి వరుసకును రెట్టింపు చేసినది. ఆరవ వరుసకు 192 కన్నులు కాగా చేయి నొచ్చి నిలిపి, “పదవ వరుసకు 3072 కావలెను సార్, ఈ నూలు చాలదు” అనెను. గుణశ్రేఢి పాఠము నేనింకను చెప్పలేదు.

ఆ బాలికను చదువు మాన్పించి రొయ్యల కర్మాగారమునకు పంపవలెనని యింట తలచుచున్నారు. పారవేసిన వలలో శిల్పమును చూచి మెచ్చుకొను మనము, పారవేయబడుచున్న బుద్ధిని చూడకున్నచో ఆ మెప్పు వట్టిది. ఆదివారము ఆ యల్లికను, ఆమె లెక్క వ్రాసిన కాగితమును గొని ఆమె తల్లిదండ్రులయొద్దకు పోవుచున్నాను. ఇట్టి యిండ్లు మీ వీధులలోను గలవు.