విసనకఱ్ఱల సభ

పిల్ల పుష్పవతియైనచో పేరంటము పెట్టి ఊరందఱకు చెప్పుకొను మనము, ముట్లుడుగు కాలము వచ్చినప్పుడు మాత్రము నోరు మెదపము. నేనును అట్లే మెదపక రెండేండ్లు బాధపడితిని. ఆ మౌనము వీడిన విధమును మీతో చెప్పుకొనదలచితిని.

నాకప్పుడు 48 ఏండ్లు. ఊరక కూర్చుండగనే ఱొమ్మునుండి నిప్పుసెగ లేచి మెడకును మొగమునకును ప్రాకెడిది. క్షణములో రవిక తడిసి, మఱుక్షణమున చలి పుట్టెడిది. రాత్రులు నిద్ర లేదు. ఒకనాడు చారులో రెండుమారులు ఉప్పు వేసి, తప్పు కోడలిపై మోపి, పిమ్మట వంటయింట నొంటరిగా నేడ్చితిని. మతి చలించుచున్నదేమో యని లోలోన భయపడితినేకాని ఎవ్వరితోడను చెప్పనైతిని.

ఆ యేడు శ్రావణ శుక్రవారమున పొరుగింటి పేరంటమునకు పోతిని. వాయనము పుచ్చుకొనుచుండగా సెగ యెత్తెను. నుదుటి కుంకుమ చెమటతో ముక్కుమీదికి జాఱెను. ప్రక్కనున్న యొకామె తాటాకు విసనకఱ్ఱ నా చేతికందించి, చెవిలో నిట్లనెను: “కొలిమి రాజుకుందా వదినగారూ? మా యింట్లోనూ ఇదే వరస. మొన్న రాత్రి ఫ్రిజ్ తలుపు తీసి, దాని ముందు పీట వేసుకుని కూర్చున్నాను. మావారు దొంగనుకుని కఱ్ఱ పట్టుకొచ్చారు!”

నాకు నవ్వాగలేదు. ఒడిలోని శనగలు నేలరాలినవి. ఏమని విచారింపవచ్చిన మఱియిద్దఱును మా యీడువారే. సంగతి తెలిసి వారును మాతో చేరిరి. ఎన్ని నెలలకో నేను కడుపార నవ్వితిని.

నాటినుండి శనివారము సాయంకాలములందు మా మేడమీద కలిసికొనుచుంటిమి. దానికి “విసనకఱ్ఱల సభ” యని పేరు. ఆ వారము చేసిన పొరపాటును ప్రతివారును చెప్పవలెననునది నియమము. ఒకామె సెల్‌ఫోనును బియ్యపు డబ్బాలో పెట్టి మఱచి, అది మ్రోగగా బియ్యములో దయ్యమున్నదని కేకవేసినదట. ఓర్కా యను తిమింగలములకును సంతానకాలము ముగిసిన పిదప చిరకాలము బ్రతుకు కలదనియు, ముదుసలి ఆడవియే మందను ఆహారము కడకు నడుపుననియు వేఱొకామె చదివి చెప్పగా, “తిమింగలమని మా ఆడపడుచు ఎప్పుడో అంది, నేనే అపార్థం చేసుకున్నాను” అనెను మా వదినగారు.

ఒక శనివారము మాలో పెద్దామె, “మూడేళ్లకు మళ్లీ ముట్టు కనపడింది, పడుచుదాన్నయ్యాను” అని నవ్వెను. నర్సుగా పనిచేసి విశ్రమించిన యొకామె మాత్రము నవ్వలేదు. వరుసగా 12 నెలలు ముట్టు లేకున్న పిమ్మట ఒక్క చుక్క కనబడినను పరీక్ష చేయించుకొనవలసినదే యని ఆమె చెప్పెను. పెద్దామె సిగ్గుపడి రానన్నను, ముగ్గురమును వెంటబెట్టుకొని పోయితిమి. గర్భాశయపు లోపొర నుండి ముక్క తీసి పరీక్షింపగా, ఆలసించినచో కాన్సరుగా మాఱగల స్థితి యని తేలెను. శస్త్రచికిత్స జరిగెను. ఆమె నేడు క్షేమముగా సభకు వచ్చుచున్నది. ఆ సభయే లేకున్న నామె ఆ మాట యెవ్వరితో చెప్పియుండును?

ఆ వైద్యురాలివలననే మిగిలిన సంగతులును తెలిసికొంటిమి. సాధారణముగా 45, 55 ఏండ్ల నడుమ ముట్లుడుగును. అండాశయములనుండి వచ్చు ఈస్ట్రోజెను తగ్గగా, దేహపు వేడిని సరిచూచు మెదడుభాగము స్వల్పపు వేడికే కలవరపడి చెమట పట్టించును. ఇది పిచ్చి కాదు. ఎముకలు పలుచబడును గనుక నడక, పాలు, రాగులు మఱువరాదు. బాధ మిక్కుటమైనచో మందులు కలవు. అవి ఎవరికి తగునో వైద్యులే నిర్ణయింపవలెను.

ఆ రాత్రియే కోడలితో ఉప్పు సంగతి యొప్పుకొంటిని. “నాకు ఆ రోజే తెలుసు అత్తయ్యా, మీరు ఏడుస్తుంటే అడగడానికి భయపడ్డాను” అని ఆమె నా ప్రక్కన కూర్చుండి విసరెను. అడుగుటకు ఆమెకు భయము, చెప్పుటకు నాకు సిగ్గు. సోదరీమణులారా, మీ పొరుగున ఎవరైన అకారణముగా చెమట తుడుచుకొనుచున్నచో, ఒక విసనకఱ్ఱ నందించి పలుకరింపుడు.