పేరాలలో తొలి చలికాలం

2023 కార్తికమాసంలో మేము పేరాలలోని ఒక పాత పెంకుటింటికి అద్దెకు వచ్చాము. ఆ మాసం దాటితే మళ్లీ మంచి రోజు ఎప్పుడు కుదురుతుందోనని మా అమ్మకు బెంగ. మార్గశిరం దాటితే వచ్చే పుష్యం శూన్యమాసమాయె. అందుచేత నవంబరు చివరి వారంలో, ఇంకా తెలతెలవారకుండానే, ఖాళీ వంటింట్లో పొయ్యి వెలిగించి పాలు పొంగించాము. ఆ పాలతో పరమాన్నం వండి, దేవుడి పటం గూట్లో నిలిపి, ఆ తరువాతనే వ్యానులోని సామాను దింపించాము. కొత్త ఇంట్లో తొలి రాత్రి ఎవరికీ సరిగా నిద్ర పట్టదు. చీకటిలో స్విచ్చి ఎక్కడుందో చేతికి తెలియదు. తలుపు గడియ ఏ పక్కకు తిరుగుతుందో తెలియదు. దానికి తోడు, పాత గోడలలోని చెమ్మ అర్ధరాత్రి దాటేసరికి చల్లగా ఒంటికి తగిలేది. దుప్పటి మీద దుప్పటి కప్పుకున్నా ఆ చలి నేలలో నుండి వస్తున్నట్లే ఉండేది.

ముందుగదిలో మంచం వేస్తే ఒక కాలు నేలకు ఆనలేదు. వంగి చూస్తే, గది మధ్యలో చాపంత మేర నేల రంగు వేరుగా ఉంది. చుట్టూ ఉన్నది పాత గచ్చు. ఆ చాపంత చోట మాత్రం సిమెంటు పూత. అది కొద్దిగా కుంగిపోయింది కూడా. ఇంటివాళ్లు ఎప్పుడో ఏ గొట్టం కోసమో తవ్వి పూడ్చి ఉంటారనుకున్నాను.

పక్క వాటాలో డెబ్బై అయిదేళ్లు దాటిన ఒక మామ్మ ఉంటుంది. మాకు ఇల్లు ఇచ్చినది ఆమె చిన్నాన్న కొడుకే. నేను నేల సంగతి ఎత్తగానే ఆమె నవ్వింది.

"అది మగ్గం గుంట, అమ్మాయ్! మా చిన్నాన్న మగ్గం మానేశాక పూడ్పించాడు. ఎంత గట్టిగా దిమ్మిస చేసినా, మగ్గం గుంట నాలుగేళ్లకోసారి కుంగుతూనే ఉంటుంది."

గుంట మగ్గాన్ని చూడనివారికి ఒక మాట చెప్పాలి. ఆ మగ్గానికి ఇల్లే సగం శరీరం. నేలలో గుంట తవ్వి, నేత నేసేవారు దాని అంచున కూర్చుని, కాళ్లు లోపలికి దించి తొక్కుడు చెక్కలను నొక్కుతారు. పడుగు నేలకు జానెడెత్తున పరచుకొని ఉంటుంది. చేతిలోని నాడె ఆ దారాల మధ్య అటూ ఇటూ పరుగెత్తి పేక వేస్తుంది. నేల చెమ్మ దారానికి మేలే చేస్తుంది. మరీ పొడిగా ఉంటే నూలు పెళుసెక్కి తెగుతుంది. అయితే ఆ చెమ్మ హద్దు దాటరాదు. పేరాల నేల ఇసుక నేల. వర్షాలు పట్టాయంటే భూమిలోని నీరు పైకి వస్తుంది. అప్పుడు గుంటలోకి నీరు కప్పు మీద నుండి రాదు, అడుగు నుండి ఊరుతుంది.

ఆ సంగతి నాకు వారం తిరగకుండానే కళ్లారా తెలిసింది. డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు నుండే ఎడతెగని వాన, గాలి. కరెంటు లేదు. మా ఇంట్లో నాలుగు పెంకులు జారి, పుస్తకాల పెట్టె తడిసింది. నేను ఆ పుస్తకాలను చూసుకొని విచారిస్తుండగా పక్క వాటాలో నుండి బకెట్ చప్పుడు వినిపించింది. వెళ్లి చూస్తే మామ్మ కొడుకు మోకాలి లోతు గుంటలో నిలబడి నీళ్లు తోడుతున్నాడు. ఒక పక్క ఆయన తోడుతుంటే, మరొక పక్క గుంట గోడలలో నుండి నీరు సన్నగా చెమర్చుతూనే ఉంది. మగ్గం మీద ఉన్న చీర సగంలో ఆగిపోయింది. గంజి పెట్టిన పడుగు చెమ్మ పట్టి మెత్తబడింది. నేను కూడా చీర కుచ్చెళ్లు ఎగదోపి ఒక గంటసేపు బకెట్ అందించాను. మామ్మ మాత్రం గడప మీద కూర్చుని, మాకు ఏ తొందరా లేనట్లు చూస్తూ, "ఇది ఇవాళ తోడితే రేపటికి మళ్లీ ఇంతే. నేల దిగాలి. మా నాయనమ్మ రామనగరంలో ఏం తోడిందో, ఎట్లా తోడిందో!" అన్నది.

రామనగరం అన్న మాట వినగానే నేను బకెట్ కింద పెట్టాను. చీరాల, పేరాల ఉద్యమం గురించి విద్యార్థి దశలో నేనూ చదువుకున్నదే. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. పన్నుల నిరాకరణ, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, పదకొండు నెలలు అని మూడు ముక్కలు రాస్తే మార్కులు పడేవి. ఆ పదకొండు నెలలలో ఒక చలికాలం ఉన్నదని నాకు ఏనాడూ తోచలేదు.

ఆనాటి కథ తెలిసినదే అయినా క్లుప్తంగా చెప్పుకోవాలి. చీరాల, పేరాల, జాండ్రపేట, వీరరాఘవపేట అనే ఊళ్లు తొలుత ఒక యూనియన్‌గా ఉండేవి. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలలను పురపాలక సంఘంగా మార్చ నిశ్చయించింది. ఏడాదికి సుమారు 4,000 రూపాయలుగా ఉన్న పన్ను 40,000 రూపాయల దాకా పెరుగుతుందని జనం గగ్గోలు పెట్టారు. రెండు ఊళ్ల జనాభా కలిపి పదిహేను వేలకు అటూ ఇటూ. వారిలో ఎక్కువ మంది నేత పని మీద బతికేవారు. విన్నపాలు ఫలించలేదు. పన్ను కట్టమన్నందుకు కొందరు జైలుకు వెళ్లారు. వారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, 'రామదండు' పేరిట వేయి మంది సేవకులను కూడగట్టిన గోపాలకృష్ణయ్య ఈ పోరాటానికి నాయకుడు. 1921 ఏప్రిల్ మొదటి వారంలో, బెజవాడ కాంగ్రెసు సమావేశం ముగిసిన తరువాత, గాంధీజీ చీరాలకు వచ్చారు. పన్ను నిరాకరించి శిక్షలు అనుభవించడం ఒక దారి, ఊరు విడిచి పోవడం మరొక దారి అని ఆయన చెప్పారు. కాంగ్రెసు నుండి ధనసహాయం ఆశించవద్దని కూడా చెప్పారు. పురపాలక సంఘం హద్దు దాటితే దాని పన్నులూ ఉండవు గదా! జనం రెండవ దారి పట్టారు. ఆ వేసవిలోనే ఊళ్లు దాదాపు ఖాళీ అయ్యాయి. పొలిమేర అవతల పాకలు, పందిళ్లు లేచాయి. ఆ కొత్త ఊరికి రామనగరమని పేరు పెట్టుకున్నారు. తగవులు తామే తీర్చుకోవడానికి పంచాయతీ ఏర్పరచుకున్నారు.

చరిత్ర పుస్తకాలు ఈ ప్రయాణాన్ని ఎంతో ఉత్సాహంగా వర్ణిస్తాయి. వర్ణించదగినదే. కాని ఇల్లు మారిన మూడవ రోజు నుండి మొదలయ్యే కష్టం వేరు. మాకు వ్యాను ఉన్నది, దింపే కూలీలు ఉన్నారు, పొంగించడానికి పాలు ఉన్నాయి. అయినా ఉప్పు డబ్బా దొరకక మొదటి రోజు చప్పిడి పప్పు తిన్నాము. ఆనాడు ఒక్క ఇల్లు కాదు, ఊళ్లకు ఊళ్లే కదిలాయి. వంటపాత్రలు తలకెత్తుకోవచ్చు. రాట్నం చంకన పెట్టుకోవచ్చు. అచ్చు, నాడె, కండెల బుట్ట బండి మీద వేసుకోవచ్చు. మగ్గం గుంటను ఎట్లా మోసుకుపోతారు? దానిని ఇంట్లోనే వదిలి, కొత్త చోట ఇసుకలో మళ్లీ తవ్వాలి. ఇసుక గోడ నిలవదు. మట్టితోనో ఇటుకతోనో కట్టుకోవాలి. అది కుదుటపడేదాకా నేత లేదు. నేత లేనిదే కూలి లేదు.

వేసవిలో పాక ఎండకు కాగుతుంది. అది ఓర్చుకోవచ్చునేమో. ఈ తీరానికి అసలు గడ్డుకాలం ఆశ్వయుజ, కార్తికాలలో వస్తుంది. ఈశాన్య ఋతుపవనాలు మొదలై, బంగాళాఖాతంలో వాయుగుండాలు పుట్టే రోజులవి. ఆకు కప్పు కింద సంసారం, కింద తడి ఇసుక, మబ్బు పట్టిన ఆకాశం. నేతగాడికి మబ్బు అంటే పస్తు. పడుగును వీధిలో బారుగా సాగదీసి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, లేత ఎండలో ఆరబెట్టాలి. ఎండ లేకపోతే పడుగు ఆరదు. పడుగు ఆరకపోతే మగ్గమెక్కదు.

సరిగ్గా ఆ రోజులలోనే నాయకుడు దగ్గర లేడు. ఉపన్యసించరాదన్న ఉత్తర్వును బరంపురంలో ధిక్కరించినందుకు గోపాలకృష్ణయ్యకు ఏడాది శిక్ష పడింది. ఆయనను తిరుచిరాపల్లి జైలుకు పంపారు. ఆయన మాట, ఆయన హాస్యం, ఆయన రామదండు హడావిడి జనానికి వెచ్చని దుప్పటి వంటివని నా ఊహ. అది లాగేసిన తరువాత కూడా వారు వెనుకకు రాలేదు. ఖాళీ ఇళ్లు చూపు మేరలోనే ఉన్నాయి. పెంకులు ఉన్నాయి, గోడలు ఉన్నాయి, తవ్వి ఉంచిన గుంటలు ఉన్నాయి. నాలుగడుగులు వేస్తే పొడి నేల. నాకు ఆశ్చర్యం కలిగించేది ఊరు విడిచిన ఆ పగలు కాదు, వాన కురిసిన ప్రతి రాత్రీ ఆ నాలుగడుగులు వేయకుండా ఉండడం.

"మీ నాయనమ్మ గాంధీగారిని చూసిందా మామ్మా?" అని అడిగాను.

"చూసే ఉంటుంది. ఊరంతా చూసింది గదా! కాని ఆ మాట ఎప్పుడూ ఎత్తేది కాదు. వాన పడితే మాత్రం పాక గురించి చెప్పేది. పిల్లాణ్ణి ఒళ్లో పెట్టుకొని, పిల్లాడి మీద నూలు కట్టలు పెట్టుకొని, పైన తాను వంగి కూర్చునేదట. పిల్లాడు తడిస్తే ఆరతాడు, నూలు తడిస్తే ఆరదే అనేది." మామ్మ కాసేపు ఆగి, "ఆ పిల్లాడే మా నాన్న" అన్నది.

1922 సంక్రాంతి వారికి పాకలలోనే గడిచింది. ఈ పండుగను ఎట్లా జరుపుకొని ఉంటారు? ముగ్గులు వేసే ఉంటారు. ఇసుక మీద ముగ్గు నిలవదని తెలిసినా, మన ఆడవాళ్లు వేయక మానరు. భోగి మంట మాట మాత్రం నాకు అంతుపట్టదు. ఇళ్లలో పాతబడిన కర్రాకంపా తెచ్చి వేసే మంట అది. పాకలో ఉన్న కర్రలన్నీ అవసరమైనవే. పైగా ఆకు కప్పులన్నీ దగ్గర దగ్గర. నిప్పురవ్వ ఎగిరితే ఊరంతా పోతుంది. ఎక్కడో దూరంగా, బయలులో, ఊరంతటికీ కలిపి ఒకే మంట వేసుకున్నారేమో.

ఆ పండుగ తరువాత వారికి ఎక్కువ రోజులు మిగలలేదు. 1922 ఫిబ్రవరి 4న చౌరీచౌరాలో జరిగిన హింస అనంతరం గాంధీజీ సహాయ నిరాకరణను ఆపివేశారు. దేశంలో ఉద్యమపు వేడి చల్లారింది. సుమారు పదకొండు నెలల కాపురం ముగించి జనం తమ ఇళ్లకు తిరిగి వచ్చారు. పురపాలక సంఘాన్ని అంగీకరించి పన్నులు కట్టక తప్పలేదు. ఓడిపోయారని కొందరు రాస్తారు. ఆ మాటను మామ్మ ముందు అనడానికి నాకు నోరు రాలేదు. గోపాలకృష్ణయ్య క్షయవ్యాధితో 1928లో, నలభై ఏళ్లు నిండకుండానే కన్నుమూశారు. పేరాల ఇప్పుడు చీరాల పట్టణంలో ఒక భాగం. ఇళ్లు కదలకుండానే ఊరు జిల్లాలు మారింది. అప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుండి ఒంగోలు కేంద్రంగా ఏర్పడి తరువాత ప్రకాశమైన జిల్లా, 2022 నుండి బాపట్ల జిల్లా.

తిరిగి వచ్చిన రోజున ఆ నాయనమ్మ పాలు పొంగించిందో లేదో మామ్మకు తెలియదు. గుంటలో మాత్రం మట్టి పేరుకొని, గడ్డి మొలిచి ఉండిందట. ముందు దాన్ని తవ్వి శుభ్రం చేసి, అంచున పసుపు కుంకుమ పెట్టి, ఆ తరువాతనే పొయ్యి వెలిగించారట. ఆ గుంట మీదనే ఇప్పుడు నా మంచం ఉన్నది.

తుపాను వెళ్లిన పది పన్నెండు రోజులకు నేల దిగింది. మామ్మ కొడుకు గుంట గోడలకు కొత్త మట్టి మెత్తాడు. పడుగు మళ్లీ ఎక్కించాడు. ధనుర్మాసపు చలిలో, తెల్లవారుజామున ఒక పక్క గుడి మైకులో తిరుప్పావై, మరొక పక్క గోడ అవతల నాడె చప్పుడు. వచ్చిన కొత్తలో ఆ చప్పుడుకు నిద్ర చెడి, ఇల్లు మారదామా అని కూడా అనుకున్నాను. ఇప్పుడు అది ఒక్కరోజు ఆగితే మెలకువ వస్తున్నది. గుంటలో మళ్లీ నీరు వచ్చిందేమోనని లేచి చూసి వస్తున్నాను.

ముందుగది నేల ఎత్తు సరిచేసి పలకలు పరిపిస్తానని ఇంటి యజమాని సంక్రాంతి ముందర కబురు చేశాడు. వేసవి దాకా ఆగమన్నాను. మంచం కాలి కింద పెట్టుకోమని మామ్మ ఒక చెక్కముక్క ఇచ్చింది. అరిగి, నున్నగా, ఒక చివర కోసుగా ఉంటుంది. విరిగిపోయిన పాత నాడె అది.